కొట్టు కాటా మీద పద్నాలుగు కిలోలు

అమ్మ చేతి వంట అమృతమనేది తినేవాళ్ళు. వండే మనిషికి అంత తీరిక ఉండదు. ఆమె కళ్ళు గిన్నె అడుగు మీదే ఉంటాయి: ఇంకెంత మిగిలింది, ఇంకెవరు తినాలి.

ఈమెను వీధిలో కాజాలావిడ అంటారు. దర్జీ దుకాణంలో వెనక బల్ల మీద కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతుంది. చొక్కాకి ఏడు. ఆ పని మిషను మీద క్షణంలో అయిపోతుంది గానీ, చేత్తో కుట్టిన కాజా పీచు లేవదని పట్టుబట్టేవాళ్ళు ఇంకా కొందరున్నారు. వాళ్ళ చాదస్తమే ఆమె ఉద్యోగం. భర్త గోడలకు రంగులు వేస్తాడు. వానలు పట్టాయంటే ఇంట్లో కూర్చుంటాడు. అత్తగారు ఒకప్పుడు నాలుగిళ్ళలో అంట్లు తోమిన మనిషి. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి, మంచం మీదనుంచే ఇంటిని నడుపుతుంది. కూతురికి అయిదేళ్ళు. పిచ్చుక అని పిలుస్తారు. ముద్దుకి పెట్టిన పేరు కాదది. చూడగానే ఎవరి నోటికైనా వచ్చే మాట.

ఉన్నవి రెండు గదులు. వెనక గదిలో సగం వంటకి, సగం అత్తగారి మంచానికి. పొయ్యి పక్కన బియ్యం డబ్బా, డబ్బా మూత మీద స్టీలు గ్లాసు, గ్లాసు పక్కన ఒక కత్తి.

పొదుపు సుగుణమని పిల్లల చేత వ్యాసాలు రాయిస్తారు. కాజాలావిడకి అది సుగుణమూ కాదు, గొప్పా కాదు, కాజా కుట్టడంలాగే చేతికి అలవాటైన పని. నూనె సీసాతో ఒంపదు, సీసా మూతతో కొలుస్తుంది. కూరకి రెండు మూతలు. బంగాళాదుంప తొక్క తీయదు. ఎప్పుడైనా తీయాల్సి వస్తే ఆ తొక్కలే మర్నాటి వేపుడు. ఆకుకూరలో ఆకులు ఒక పూటకి, కాడలు ఇంకో పూటకి. క్యాబేజీ మోడు సన్నగా తరిగితే పప్పులో కలిసిపోతుంది. ముక్కలు మనిషికిన్నని లెక్కపెట్టి తరుగుతుంది కాబట్టి వడ్డించేటప్పుడు గరిటెతో వెతుక్కోవాల్సిన పని లేదు.

"ఈ పప్పులో దిగాలంటే ఈత రావాలి," అనేవాడు భర్త, కంచం పైకెత్తి జుర్రుకుంటూనే.

"మునిగితే చెప్పు, గరిటె అందిస్తా," అనేది ఆమె.

నవ్వుకునేవాళ్ళు. శనివారం తప్ప.

ప్రతి ఆదివారం అయిదు కిలోల బియ్యం వస్తాయి. రోజుకి మూడున్నర గ్లాసులు వండుతారు. అత్తగారి లెక్కలో ఆ బియ్యం మళ్ళీ ఆదివారం పొద్దుటి దాకా రావాలి. ఆవిడ వండిన రోజుల్లో వచ్చేవి కూడా, ఇదే గ్లాసు, ఇదే డబ్బా. కోడలి చేతుల్లో మాత్రం శనివారం సాయంత్రానికి రెండు గ్లాసులు తక్కువ పడేవి. తొమ్మిదేళ్ళుగా పడుతూనే ఉన్నాయి.

"నీ చేతికి చిల్లుందే అమ్మాయ్," అనేది అత్తగారు. అరిచి కాదు. వర్షం పడుతోందే అన్నంత మామూలుగా.

కోడలు ఆ చిల్లు ఎక్కడుందో వెతికింది. గ్లాసు పొంగి పోతోందేమోనని కత్తి వీపుతో పైన చదును చేసి పోయడం మొదలుపెట్టింది. డబ్బా మూత మీద కత్తి ఉండేది అందుకే. ఎలుకలేమోనని కొన్నాళ్ళు మూతకి రాయి పెట్టి చూసింది. కడిగేటప్పుడు నీళ్ళతో గింజలు పోతున్నాయేమోనని కింద గుడ్డ పట్టింది. గుడ్డలో మూడు గింజలు కనబడ్డాయి. చివరికి తన చేతికి నిజంగానే చిల్లుందని ఒప్పేసుకుంది. తప్పు తనదైతే శిక్షా తనదే కాబట్టి శనివారం సాయంత్రం గంజి తాగి, వండుతూ రుచి చూసినదానికే కడుపు నిండిపోయిందని చెప్పేది. దీన్ని మాతృమూర్తి త్యాగం అనేవాళ్ళని ఒక్క శనివారం ఆమె పక్కన కూర్చోబెట్టాలి. త్యాగం చేసే మనిషి మొహం అలా ఉండదు. అది పరీక్షలో తప్పిన పిల్ల మొహం.

బియ్యం వచ్చేది వీధి చివర సరుకుల కొట్టునుంచి. ఆ కొట్టాయన్ని అందరూ బాబాయి అంటారు. మెత్తటి మనిషి. ఎవరింట్లో జ్వరమో కనుక్కుంటాడు. గంట ముందే కొట్టు కట్టేసి ముసలివాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళిన సందర్భాలున్నాయి. కోడలు కాపురానికొచ్చిన ఏడాదే పాత కొట్టు మూతపడితే, ఇకనుంచి ఇక్కడ తెచ్చుకుందామని ఈ కొట్టు చూపించింది అత్తగారే. మాట మంచిదని.

పిచ్చుకకి గుండెలో రంధ్రం ఉందని కిందటేడే తెలిసింది. పెద్దాసుపత్రిలో చెప్పిన సంగతి సూటిగా ఉంది. ఈ ఆపరేషను చేసే డాక్టరు ఆరు నెలలకోసారి వస్తాడు, వారం ఉంటాడు. పద్నాలుగు కిలోలు లేని పిల్లని బల్ల మీదికి ఎక్కించరు. పిల్ల సరిగ్గా పన్నెండుంది. డాక్టరు రావడానికి నాలుగు నెలలు. ఈలోగా రెండు కిలోలు పెరగాలి.

రెండు కిలోలంటే ఏమిటో కాజాలావిడకి బాగా తెలుసు. బియ్యమైతే పది గ్లాసులు, ఇంటిల్లిపాదికీ మూడు రోజుల తిండి. ఇప్పుడా బరువును పిల్ల ఒంట్లోకి ఎక్కించాలి. ఆ పిల్లకేమో అన్నం తినడమంటే మెట్లెక్కడమే. నాలుగు ముద్దలకి ఆయాసం వస్తుంది. ఆగుతుంది. గోడకి ఆనుకుంటుంది. మళ్ళీ రెండు ముద్దలు.

రోజుకో గుడ్డు పిల్లకని నిర్ణయించారు. అప్పటిదాకా వారానికి నాలుగు గుడ్లు, మనిషికొకటి. అత్తగారు ముందే తప్పుకుంది. "నాకు పళ్ళు లేవు, గుడ్డు నమల్లేను," అంది. ఉడికిన గుడ్డుకి పళ్ళెందుకని కోడలు అడగలేదు. భర్త తనకి పాలు పడటం లేదన్నాడు. కాజాలావిడ దుకాణానికి తీసుకెళ్ళే మధ్యాహ్నం డబ్బా మానేసి, అక్కడ ఎవరో ఒకరు పెడుతున్నారని ఇంట్లో చెప్పింది. ఇంట్లో తినొచ్చానని దుకాణంలో చెప్పింది. ఆ నాలుగు నెలలూ ఆ ఇంట్లో ఆకలి గురించి ఎవరూ ఎవరికీ నిజం చెప్పలేదు, ఎవరూ ఎవరినీ నమ్మనూ లేదు. ఒకరోజు సాయంత్రం సూది వేలిలో దిగి తెల్ల చొక్కా మీద ఎర్ర చుక్క పడింది. కళ్ళు చూపించుకోమన్నాడు దర్జీ. కళ్ళ తప్పేం లేదని ఆమెకి తెలుసు.

పెద్దాసుపత్రికి రెండు బస్సులు మారాలి. బరువు చూడటానికి ప్రతి వారం అంత దూరం పోయేదెవరు? బాబాయి కొట్టులో ఎలక్ట్రానిక్ కాటా ఉంది, ముప్ఫై కిలోల దాకా తూస్తుంది. రెండు వారాలు గడిచాక ఒక ఆదివారం పిల్లని తీసుకెళ్ళి దాని పళ్ళెంలో కూర్చోబెట్టింది. ఎర్ర అంకెలు కాసేపు ఆడి ఆగాయి. పదమూడు కిలోల రెండు వందలు.

రెండు వారాల్లో కిలో పైన. బుర్రున్న ఎవరైనా అనుమానించాల్సిన సంగతే. కానీ గుడ్లు అంత బాగా పనిచేస్తున్నాయంటే ఏ తల్లి కాదంటుంది? కాటా తప్పేమోనన్న ఆలోచన ఆ ఇంట్లో ఒక్కరికీ రాలేదు. ఆ కాటా మీదే వాళ్ళు తొమ్మిదేళ్ళుగా బియ్యం తెచ్చుకుంటున్నారు. చిల్లు చేతికే అని ఎప్పుడో తేల్చేశారు కదా. బాబాయి మాత్రం ఆ రోజు అంకెల వైపు చూడలేదు. పిల్ల గుప్పిట్లో వేరుశనగ గింజలు పోసి, లోపలేదో పనున్నట్టు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ప్రతి ఆదివారం అదే తంతు. ఒక వారం వంద గ్రాములు, ఒక వారం యాభై, ఒక వారం ఏమీ లేదు. పిల్ల అంకెలు నేర్చుకుంది బళ్ళో కాదు, ఆ పళ్ళెంలో కూర్చుని మెడ తిప్పి చూస్తూ. ఆసుపత్రి గడువుకి మూడు వారాల ముందు, ఒకటి, నాలుగు, చుక్క, మూడు సున్నాలు కనబడ్డాయి. పిల్ల కాటా మీదే చప్పట్లు కొట్టింది, దాంతో అంకెలు మళ్ళీ ఆడాయి.

సరిగ్గా ఆ రోజే కాజాలావిడ తప్పు చేసింది. గ్లాసు నిండాక పైన ఒక్క గింజ పోయడం ఆమె చేతికి రాదు. చదును చేసి ఆపేయడమే ఆమెకు తెలిసిన విద్య. భర్తకి అంతకుముందు రోజు నిచ్చెన మీద కళ్ళు తిరిగాయి. దాంతో సోమవారం నుంచి గుడ్డు రెండు ముక్కలయింది, సగం పిల్లకి, సగం అతనికి. పద్నాలుగు వచ్చేసింది కదా అనుకుంది. కావలసినంత అయ్యాక ఇంకా పెట్టడం, ఆమె భాషలో, పారబోయడమే.

ఆసుపత్రికి వెళ్ళింది ఒక మంగళవారం పొద్దున, తల్లీ కూతురూ ఇద్దరే. సంచిలో పిల్ల గౌన్లు రెండు, ఒక దుప్పటి, ముందు రోజు బాబాయి దగ్గర కొన్న కిలో బియ్యం పొట్లం. ఆసుపత్రి వెనక రేకుల షెడ్డులో రోగుల వాళ్ళు వండుకోవచ్చు. ఆపరేషనయ్యాక పిల్లకి మెత్తగా వండి పెట్టాలని ముడి కూడా విప్పకుండా తెచ్చుకుంది.

నర్సు పిల్ల చెప్పులు విప్పించి కాటా ఎక్కించింది. "పన్నెండు ఏడు వందలు," అని రాసుకుంది.

"తప్పు చూపిస్తోందేమో అమ్మా. పద్నాలుగుంది. మొన్న ఆదివారం కూడా చూశాం."

"ఎక్కడ చూశారు?"

"మా వీధి కొట్టులో."

నర్సు రాయడం ఆపి ఆమెకేసి చూసింది. "అది అమ్ముకునే కాటా అమ్మా," అంది. వెక్కిరింపుగా అనలేదు. రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాటలాగే అంది.

 కాజాలావిడ సంచిలోంచి బియ్యం పొట్లం తీసి, ఎవరినీ అడక్కుండా కాటా మీద పెట్టింది. వెనక వరసలో ఎవరో, ఇది ఆసుపత్రా సంతా అని సణిగారు. తొమ్మిది వందల పది. పొట్లం తీసి మళ్ళీ పెట్టింది. తొమ్మిది వందల పదే.

ఆ క్షణంలో ఆమెకి కలిగింది కోపం కాదు, దుఃఖమూ కాదు. ఊరట. తన చేతికి చిల్లు లేదు. తొమ్మిదేళ్ళ శనివారాలు ఒక్కసారిగా భుజాల మీదనుంచి దిగిపోయాయి. రెండు ఊపిరులు పీల్చుకునేంత సేపు హాయిగా ఉంది. ఆ తర్వాత కాటా పక్కన ఒంటి కాలి మీద నిలబడి రెండో చెప్పు తొడుక్కుంటున్న కూతురు కళ్ళబడింది. అలా హాయిపడ్డందుకు ఆమె ఇప్పటికీ తనను తాను క్షమించుకోలేదు.

డాక్టరు ఎక్కువ మాట్లాడలేదు. పదమూడున్నర ఉన్నా ఆలోచించేవాళ్ళమన్నాడు. మళ్ళీ ఆరు నెలలకి రమ్మన్నాడు. ఊపిరితిత్తుల మీద ఇప్పటికే భారం పడుతోందని, ఇంకా ఆలస్యమైతే ఆపరేషను చేసినా ఉపయోగం లేకపోవచ్చని చెప్పాడు.

"అప్పటిదాకా ఆగుతుందా సార్?" అని అడిగింది.

"బరువు పెంచండి. చూద్దాం."

తిరుగు బస్సులో పిల్ల ఒళ్ళో నిద్రపోయింది. తల్లి వేళ్ళ మీద లెక్క వేసింది. వారానికి అరకిలో దగ్గర. ఏడాదికి ఇరవై కిలోల పైచిలుకు. ఈ పిల్ల పుట్టిన తర్వాత తన గిన్నెలోకి రాకుండా పోయిన బియ్యం ఈ పిల్లకి తొమ్మిది రెట్లు తూగుతుంది. బియ్యం అంత తగ్గించిన కాటాయే పిల్లని అంత పెంచి చూపించింది.

ఇంటికొచ్చి ముందు అత్తగారికి చెప్పింది. ఆవిడ అంతా వింది. "ఆ కొట్టు చూపించింది నేనేగా," అంది. మంచం దిగి, గోడ పట్టుకుంటూ పొయ్యి దాకా నడిచి, బియ్యం డబ్బా మీది కత్తి తీసి కూరగాయల బుట్టలో పడేసింది. తొమ్మిదేళ్ళ మాటలకి ఆవిడ చెప్పుకున్న క్షమాపణ అంతే. కోడలు అంతకంటే ఆశించనూ లేదు.

భర్త సంగతి వేరు. ఆ కాటా పీకి వాడి నెత్తిన పెడతానని చొక్కా తగిలించుకున్నాడు.

"విరగ్గొడితే పిల్లని ఎక్కడ తూస్తావు?" అంది ఆమె.

అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ సగంలో ఆగిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం కొట్టులో ఎవరూ ఉండని వేళ చూసి ఒక్కతే వెళ్ళింది. పొట్లం కాటా మీద పెట్టింది. సరిగ్గా కిలో.

"ఆసుపత్రిలో తొమ్మిది వందల పది వచ్చింది బాబాయ్," అంది.

ఆయన పొట్లం వంక చూడలేదు. "పాపకి..." అన్నాడు.

"ఆపరేషను లేదు. ఆరు నెలలు ఆగమన్నారు. ఆగుతుందో లేదో వాళ్ళకీ తెలీదు."

బాబాయి పప్పు బస్తా మీద కూర్చున్నాడు. "రెండో వారమే చెప్పేద్దామనుకున్నా తల్లీ," అన్నాడు.

"మరేమయింది?"

"ఏమని చెప్పను? పాప బరువు తప్పంటే బియ్యం బరువూ తప్పనేగా."

"ఈ కాటా పిల్లలకి పనికిరాదమ్మా, ఇంకెక్కడైనా చూపించుకో అంటే అయిపోయేది. నేను నమ్మేదాన్నిగా."

 ఇన్నేళ్ళుగా వీధి వీధంతటికీ అబద్ధం తూచిన మనిషికి, ఒక పిల్లకి పనికొచ్చే ఆ ఒక్క అబద్ధం తట్టలేదు. చెడ్డవాడు కావడం వల్ల కాదు. జ్వరాలు కనుక్కునే మంచితనం ఆయనది నిజమైనదే. కాటా దాకా వచ్చేసరికి ఆ మంచితనం బయట నిలబడిపోయేది.

లేచి ముప్ఫై గుడ్ల అట్ట ఒకటి, పప్పు పొట్లాలు రెండు, నూనె డబ్బా ఒకటి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఇక్కడ ఆమె వాటిని ఆయన మొహాన కొట్టి వచ్చేసిందని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఆమె తీసుకుంది. గుడ్డు గుడ్డూ వెలుగుకి పెట్టి చూసుకుని మరీ తీసుకుంది. చెడిపోయిన రెండింటిని మార్పించుకుంది.

"కాటా సరిచెయ్యి. ఆదివారం పిల్లని తీసుకొస్తా," అంది. వీధిలో చెప్పనని మాటివ్వలేదు. చెబుతానని బెదిరించనూ లేదు. ఆమెకి ఆ వీధి గురించి ఆలోచించే ఓపిక లేదు.

ఆదివారం పిల్ల ఎప్పట్లాగే పళ్ళెంలో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని మెడ తిప్పింది. పన్నెండు ఏడు వందల యాభై. అంకెలు ఒక్కొక్కటే వేలితో చదివింది. మళ్ళీ చదివింది.

"అమ్మా, నేను తగ్గిపోయానా?"

"లేదు. ఇదివరకు తప్పు చూపించింది."

"మరి నా పద్నాలుగు?"

"అది నీది కాదు."

బాబాయి వేరుశనగ గింజలు పట్టుకొచ్చి నిలబడ్డాడు. పిల్ల గుప్పిట తెరవలేదు. తల్లి తన కొంగు పట్టి పోయించుకుంది. కింద పారబోసుకునే రోజులు కావవి.

ఆ వారం బియ్యం నిజంగా అయిదు కిలోలు. శనివారం సాయంత్రం డబ్బా మూత తీస్తే అడుగున రెండు గ్లాసులకి పైగానే ఉన్నాయి. డబ్బా మంచం దగ్గరికి తెమ్మంది అత్తగారు. అందులో చెయ్యి పెట్టి, గింజలు వేళ్ళ మధ్య నుంచి జారనిచ్చి చూసుకుంది. "ఉన్నవన్నీ వండు. ఇవాళ కొలత వద్దు," అంది.

మెత్తగా వండింది. పప్పు చిక్కగా, గరిటె నిలబడేలా. రెండు గుడ్లు చిదిపి కలిపింది. మూతతో కొలవకుండా సీసాతోనే నూనె ఒంపింది.  అందరూ పిల్ల చుట్టూ చేరారు. ఇది నాన్న ముద్ద, ఇది నానమ్మ ముద్ద అంటూ మొదలుపెట్టారు. నాలుగు ముద్దలు బాగానే తింది. అయిదో దానికి ఆగింది. ఆరోది మింగి గోడకి ఆనుకుంది. పెదాల చుట్టూ నీలం కమ్మింది, మెడ దగ్గర గుంట లోపలికీ బయటికీ ఆడుతోంది.

"మీరు తినండి," అంది పిల్ల. "నాకు ఆయాసమొస్తోంది."

ఎవరూ తినలేదు. కంచం నిండా అన్నం ఉంది. తొక్కల్నీ కాడల్నీ మోళ్ళనీ ఏం చెయ్యాలో తెలిసిన మనిషి, కంచం చేతిలో పట్టుకుని, దాన్ని ఏం చెయ్యాలో తెలియక కూర్చుండిపోయింది. భర్త లేచి గుమ్మంలోకి వెళ్ళి అటు తిరిగి నిలబడ్డాడు. అత్తగారు పిల్ల పాదాలు ఒళ్ళోకి తీసుకుని నిమురుతోంది.

పావుగంటకి పిల్ల ఊపిరి కుదురుకుంది. కాజాలావిడ అన్నం మళ్ళీ వెచ్చబెట్టి తెచ్చి ఎదురుగా కూర్చుంది. ఈసారి చిన్న ముద్ద చేసింది, పిల్ల బొటనవేలంత. అది ఎవరి ముద్దో చెప్పలేదు.

పిల్ల నోరు తెరిచి పెట్టించుకుంది. మింగలేదు. ముద్ద బుగ్గన పెట్టుకుని, తల్లి మొహంలోకి చూస్తూ కూర్చుంది.